మారియో ఆటలలో మేలైన దేది?

భారతభాగవతములు చదువుకొనిన యిల్లాలు వీడియో ఆటలను గూర్చి వ్రాయుటేమని మీరు నవ్వుదురేమో! మూడేండ్ల క్రిందట అమెరికానుండి వచ్చిన మా తమ్ముడు మా యమ్మాయికి నింటెండోవారి స్విచ్ అను యంత్రము నిచ్చిపోయెను. చందా కట్టినచో అందు పాత ఆటలును లభించును. మీసముల కుళాయి పనివాడగు మారియో, తాబేటి రాజగు బౌజరు ఎత్తుకొనిపోయిన రాకుమారి పీచును, గోతులు దుమికి గోడలెక్కి విడిపించుట యీ యాటలలో తరచుగా వచ్చు కథ. వీనిలో ఏది మేలనుటలో మా ముగ్గురికిని నేటికిని పొత్తు కుదురలేదు.

మా వారు ఉపాధ్యాయులు. వారి యోటు 1985లో వెలువడిన మొదటి 'సూపర్ మారియో బ్రదర్స్'కే. మియామోటో షిగేరుగారు రూపొందించిన ఆ యాటలో ఎనిమిది లోకములు, లోకమునకు నాలుగేసి ఘట్టములు. ఎట్లు దుముకవలెనో, ఇటుకనెట్లు పొడువవలెనో మొదటి ఘట్టము ఒక్క మాటయైన చెప్పకయే నేర్పును. "బెత్తము లేని బడి యిది" అని వారి మెప్పు. నిజమే, కాని యందలి రాకుమారి కడవరకు కోటలో ఎదురుచూచుటయే గాని వేరొక పని యెరుగదు.

నాకిష్టమైనది 1988లో అమెరికాలో వెలువడిన రెండవది. ఇది 1987లో జపానున వేరు పేర, వేరు పాత్రలతో వచ్చిన యాటకు మార్పు. కావున కొందరు దీనిని సవతిబిడ్డవలె చూతురు. అయినను ఇందు రాకుమారి చెరలో లేదు; నలుగురు వీరులలో తానొకతె. నేలనుండి కూరగాయలు పెరికి శత్రువులపై విసరుటయే యిందలి యుద్ధము! తుదకు వార్ట్ అను కప్పరాజు నోట కూరగాయలు వేసియే వానిని గెలువవలెను. వంటయింటి దాననగు నాకిది నచ్చుటలో వింత యేమి? కూర పెరుకుటలో రాకుమారి అందరికంటె నిదానము. కాని దుమికినపుడు కొంతసేపు గాలిలో తేలి, ఇతరులు పడిపోవు గోతులను సులువుగా దాటును. ముప్పదియైదేండ్లు దాటిన పిదప ఆట నేర్వ మొదలిడిన నాకు ఆమెయే తోడయ్యెను.

మా యమ్మాయికి 2017 నాటి 'సూపర్ మారియో ఒడిస్సీ' ప్రాణము. ఇందు బౌజరు రాకుమారిని బలవంతముగా పెండ్లియాడ నెంచును. మారియో ఆమెను విడిపించును. అంతట నిద్దరును పోటీపడి పూలు చాపి తన్ను వరింపుమందురు. ఆమె యిద్దరిని కాదని ఓడ యెక్కి, ఇంటికి పోదము రమ్మని మారియోను పిలుచును. తరువాత దేశదేశములు తిరిగి చూచును. ఎవ్వరిని వరింపక మరలిన స్వయంవరమును నేనెన్నడును చదువలేదు.

ఆ ఘట్టము చూచిన వారముననే బంధువులొకరు, ఇంటర్మీడియట్ ముగియగానే అమ్మాయికి పెండ్లి చేయుడని యొక సంబంధము మాట తెచ్చియుండిరి. దానికి విశాఖపట్టణమున చదువవలెనని కోరిక. ఆటను నిలిపి, "అమ్మా, ఆమె కేమి కావలెనో ముందుగా ఎవరైన అడిగిరా?" అనెను. నేను బదులు చెప్పలేకపోతిని. ఆ రాత్రి మా వారితో ఆ ప్రశ్ననే యంటిని. వారు చాలసేపు మాటాడరైరి. మరునాడు అమ్మాయిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని కళాశాల దరఖాస్తును తామే నింపిరి.

నా యోటు ఇప్పటికిని కూరగాయల యాటకే. కాని మీ బిడ్డ ఆడుచుండగా ఒక్కమారు ప్రక్కన కూర్చుండి చూడుడు. ఆటకంటె ఆ బిడ్డ యడుగు ప్రశ్న మేలైనది కావచ్చును.