తొయ్యొద్దు, దిగనీండి

అనంతపురంలో బళ్ళారి బస్సెక్కితే కూడేరు దాకా ఎర్రనేల, ఖాళీ చేలు, అక్కడక్కడ చీనీ తోటలు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే సంతోషపడే సీమ. మేనకోడలికి ఈత నేర్పించడానికి పోతున్నామంటే పక్క సీటాయన నవ్వాడు. "నీళ్ళు యాడుండాయి సార్?"

ఉన్నాయి. తుంగభద్ర నీళ్ళు ఎగువ కాలువ మీదుగా పెన్నహోబిలం రిజర్వాయరుకు వస్తాయి. బోర్ల దెబ్బకు కపిలబావులు చాలామటుకు ఎండిపోయినా, ఆ దాపున మా చిన్నాన్న తోట బావిలో నీళ్ళు నిలిచాయి.

పాపకు తొమ్మిదేళ్ళు. బడికి బయల్దేరే వేళకు కడుపునొప్పి, అరచేతుల్లో చెమట. ఆందోళన అని తేల్చిన డాక్టరు కౌన్సెలింగుతోపాటు నీటి చికిత్స కూడా చూడమన్నారు. దానికోసం కొన్నాళ్ళు బెంగళూరు తిరిగాం. 33 డిగ్రీల గోరువెచ్చటి కొలను. థెరపిస్టు ఈత మాటే ఎత్తలేదు, నీళ్ళలో బుడగలు ఊదమంది. ఊపిరి నిదానంగా, పొడుగ్గా వదిలితే గుండెదడ తగ్గుతుందట. ఛాతీ లోతులో నిలబడితే ఒంటి బరువులో మూడోవంతే కాళ్ళ మీద పడుతుంది. చుట్టూ నీళ్ళ ఒత్తిడి ఒంటిని అదిమి పట్టుకుంటుంది.

లండన్‌లోని హాలివిక్ బాలికల పాఠశాలలో 1949లో జేమ్స్ మెక్‌మిలన్ వైకల్యమున్న పిల్లలకు ఈత నేర్పుతూ మొదలుపెట్టిన పద్ధతి ఒకటుంది. పది అంచెలు. మొదటి అంచె, నీళ్ళకు మనసు అలవాటుపడటం. బెండ్లూ గాలి ట్యూబులూ ఉండవు, ఒక్కో పిల్లకు ఒక్కో మనిషి తోడుంటాడు. బెంగళూరులో చూసిందీ ఇంచుమించు ఇదే. కానీ రెండొందల కిలోమీటర్లు ఎన్నాళ్ళు పోయి రాగలం?

అందుకే చిన్నాన్న తోట బావికి వచ్చాం. మెట్ల మీద ఈతకు కట్టుకునే ఎండు సొరకాయ బుర్రలు. గట్టెక్కిన పిల్లలు ఒకటే అరుపులు: "తోసేయ్ తాతా, అదే వచ్చేస్తాది!" మా పల్లెల్లో ఈత నేర్పే శాస్త్రం అంతే. అట్లా నేర్చినవాళ్ళు బోలెడుమంది. ఆ దెబ్బతో జన్మలో మళ్ళీ నీళ్ళ దిక్కు చూడనివాళ్ళూ ఉన్నారు, వాళ్ళ ఊసు ఎవరూ ఎత్తరు.

ఈత నేర్పే తాత వాళ్ళను కసిరాడు. పాప పక్కన మెట్టు మీద కూర్చుని, "నీళ్ళు యాడికీ పోవులే పాపా, నిమ్మళంగా దిగు" అన్నాడు. ఆ పూట పాదాలే తడిశాయి. మర్నాడు మోకాళ్ళు. బుర్రలు కట్టుకోనని మొండికేస్తే సరేనన్నాడు. ఓ పొద్దున పాప ఆయనకే బుడగలు ఊదడం నేర్పబోయింది. ముక్కులోకి నీళ్ళు పోయి తాత దగ్గాడు, పాప పగలబడి నవ్వింది. ఇంటి బయట అది అట్లా నవ్వి ఎన్నాళ్ళయిందో!

అలాగని బావిని చికిత్స అనను. నీళ్ళు చల్లన, మెట్లకు పాచి, లోతు ఎక్కువ. నడుముకు తాడు కట్టి, ఈతొచ్చిన పెద్దవాళ్ళిద్దరు నీళ్ళలో ఉంటేనే దింపాం. పిల్లల ఆందోళనకు నీటి చికిత్స మీద జరిగిన అధ్యయనాలూ చాలావరకు చిన్నవే. కౌన్సెలింగు మానేసి దీన్ని పట్టుకోవడం తప్పు.

బడి తెరిచాక కడుపునొప్పి మళ్ళీ వచ్చింది, మునుపటంత లేదు. వచ్చినప్పుడు బాత్‌రూములో బకెట్టు ముందు కూర్చుని బుడగలు ఊదుకుంటోంది.

ఎండాకాలం సెలవులకు ఊరికి పోతారు కదా. బావి గట్టు మీద బిక్కచచ్చి నిలబడ్డ పిల్ల కనిపిస్తే, వెనకనుంచి తొయ్యబోయే చెయ్యి మీ సొంత అన్నదైనా సరే, పట్టుకుని ఆపండి.