ఆటకు అచ్చుపుస్తకమా, నెలచందాయా?

పిల్లల యాటకు సైతము పెద్ద గ్రంథములు కావలసిన కాలమిది. డంజన్స్ అండ్ డ్రాగన్స్ అను అమెరికా దేశపుటాట మీలో కొందఱి యిండ్లలోనికి ఇప్పటికే ప్రవేశించి యుండును. మా యింటికి అది టెక్సాసునుండి వచ్చినది. మా అక్కగారి పెద్దకుమారుడు రెండేండ్ల క్రిందట సెలవులకు వచ్చి, మా చిరంజీవికిని వాని మిత్రులు ముగ్గురికిని దానిని నేర్పి పోయెను. నాటినుండి ఇచట ఆదివారము ఉదయమున, అచట శనివారము రాత్రియందు, కంప్యూటర్ల యెదుట కూర్చుండి యాడుచున్నారు.

ఆట యెఱుగని వారికొఱకు రెండు మాటలు. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అను నిరువురు దీనిని కల్పింపగా 1974లో మొదటిసారి అచ్చయినది. ఒక్కొక్క యాటగాడు ఒక్కొక్క పాత్రను ధరించును. ఒకడు సూత్రధారుడై కథ నడపుచు, దారిలో అడవులను, కోటలను, భూతములను కల్పించును. పాత్ర తలపెట్టిన పని నెఱవేరునో లేదో ఇరువది ముఖముల పాచిక తేల్చును. పాచికలనగానే మా అత్తగారు ధర్మరాజును తలచుకొని బెదరిరి. పణమేమియు లేదని రెండుమాఱులు చెప్పించుకొన్న పిమ్మటగాని ఆమె మనస్సు కుదుటపడలేదు. మాకు మాత్రము, పదునాలుగేండ్ల బాలుడు తన పాత్ర యేమి పలుకవలెనో ఆలోచించి పలుకుట వేడుకగానే యున్నది.

చిక్కు నియమముల యొద్ద వచ్చినది. ముఖ్యగ్రంథములు మూడు: ఆటగాండ్రకొకటి, సూత్రధారునికొకటి, భూతజాతుల వర్ణనమునకొకటి. 2024లో వెలువడిన ఆటగాండ్ర గ్రంథమే 384 పుటలు. అమెరికాలో దాని వెల దాదాపు 50 డాలర్లు. ఉపాధ్యాయుని జీతముపై నడచు సంసారమున ఇది తేలిక మాట కాదు.

"పిన్నీ, పుస్తకములు మోయు కాలము పోయినది. అందఱును డీ అండ్ డీ బియాండులో చందా కట్టిన చాలును" అని అక్క కుమారుడు ఫోనులో సెలవిచ్చెను. మావాడు తలయూపెను. మిత్రులలో నొకడు మాత్రము మఱునాడు వచ్చి, ఇక తాను ఆటకు రానని చెప్పి పోయెను. కారణము చెప్పలేదు, వాని యింటి స్థితి మేమెఱిగినదే. అప్పటినుండి మేమీ విషయమును శ్రద్ధగా విచారింపసాగితిమి.

ఆ సాధనమును తూలనాడుట న్యాయము కాదు. అది 2017లో ఆరంభమైనది. 2022లో దానిని ఆట హక్కులు గల హాస్‌బ్రో సంస్థయే కొనెను. పాత్రయొక్క బలము, ఆయువు, ఆయుధముల లెక్క అంతయు తానే కూడి చూపును. మంత్రము పేరు తట్టిన క్షణములో దాని వివరము కన్నులయెదుట నిలుచును. వేర్వేఱు ఊళ్లవారికి ఇది గొప్ప సదుపాయము. అయితే చందా వేఱు, గ్రంథపు వెల వేఱు. ఇది మాకు మొదట ఎవరును చెప్పలేదు. చందా లేకయే ఖాతా తెఱచి ఆఱు పాత్రలను ఉంచుకొనవచ్చును. మౌలిక నియమములను ఉచితముగా చదువవచ్చును. పెద్ద చందా కట్టినవాడు తాను అచట కొన్న గ్రంథములను తన యాటలోని తక్కినవారికిని చూపగలడు. ఆ చందా ఆగిననాడు ఆ చూపుటయు ఆగును.

మమ్ము నిలిపివేసినది మఱియొకటి. అచట వెల యిచ్చి కొన్నను మనకు దక్కునది చదువుకొను అనుమతియే. 2008లో ఆట నాలుగవ కూర్పు వెలువడినప్పుడు ప్రచురణకర్తలు డీ అండ్ డీ ఇన్‌సైడర్ అను చందాను నెలకొల్పిరి. 2020 జనవరి 1న దాని సాధనములు మూతపడినవి. ఆ కూర్పు పుస్తకములు బీరువాలో నున్నవారికి ఏ కొఱతయు రాలేదు. మరల 2024 ఆగస్టులో, కొత్త నియమములు రాగానే పాత్రల పత్రములలోని పాత మంత్రముల స్థానమున కొత్తవి వచ్చునని డీ అండ్ డీ బియాండువారు ప్రకటించిరి. కొన్నవారు గట్టిగా అడ్డుచెప్పగా కొలది దినములలోనే వెనుకకు తగ్గిరి. తగ్గిరి సరే, మన బీరువాలోని పుస్తకమును మార్చెదమని ఎవరైనను ప్రకటింపగలరా?

మా తండ్రిగారు మాకు భారతము చెప్పిన ప్రతి నేటికిని మా యొద్ద నున్నది. అది మా చెల్లెలి యింటికి పోయి వచ్చినది, పొరుగింటికి పోయి వచ్చినది. ఎవరి యనుమతియు అక్కఱలేకపోయినది. అచ్చుపుస్తకమునకు దోషములు లేవనము. తప్పుపడిన నియమము తప్పుగానే నిలుచును. కావలసినది వెదకుటకు ప్రొద్దు పట్టును. కాని వెదకునప్పుడు పిల్లవాడు ప్రక్క పుటను కూడ చదువును. నిఘంటువు తిరుగవేయు విద్యార్థులయందు ఈ గుణమును చూచితినని మా యింటివారందురు. యంత్రము చూపిన మొత్తము ఎట్లు వచ్చినదని అడిగినచో మావాడు నీళ్లు నమలెను.

విచారింపగా మూడవ త్రోవయు కనబడినది. 2023 జనవరిలో ప్రచురణకర్తలు ఇతరులకిచ్చు అనుమతి షరతులను మార్పదలచగా పెద్ద కలహము రేగినది. అనేకులు చందాలు మానుకొనిరి. ఆ నెలాఖరుననే నియమముల సారమును క్రియేటివ్ కామన్స్ షరతులపై విడిచిరి. 2025 ఏప్రిలులో కొత్త నియమముల సారమును కూడ అట్లే యిచ్చిరి. దానిని ఎవరైనను ఉచితముగా దింపుకొని అచ్చువేసికొనవచ్చును. ఇచ్చిన యనుమతిని మరల తీసికొన వీలులేదు. చిత్రములు లేవు, కొన్ని భూతములు లేవు. ఆడుటకు చాలును.

దానిని జిరాక్సు దుకాణమున కాగితమునకు ఇరువైపుల తీయించి, రెండు ప్రతులు బైండు చేయించితిమి. ఒకటి మా యింట నున్నది. రెండవదానిని ఆ మిత్రుని చేతికే యిచ్చి, నీవు దాచి పెట్టుమని చెప్పితిమి. వాడు మఱుసటి ఆదివారమే వచ్చెను. ఆటగాండ్ర గ్రంథము మాత్రము ఒక్కటి, పుట్టినరోజు కానుకగా కొంటిమి. అది నలుగురి యిండ్లకును తిరుగుచున్నది. చందా సూత్రధారునిదే, వానికి దాని యవసరమున్నది, తానే కట్టుకొనుచున్నాడు. మా పిల్లలకు ఉచితపు ఖాతాలు చాలును. లెక్క ముందు కాగితముపై వేసి, పిమ్మట యంత్రముతో సరిచూచుకొందురు.

"మీరు మరీ పాతకాలపువారు పిన్నీ" అని అక్క కుమారుడు నవ్వెను. మావాడిప్పుడు భూతజాతుల గ్రంథము కూడ కావలెనని అడుగుచున్నాడు. దసరాకు చూతమని చెప్పి యున్నాము.