మీటరు లెక్క

మా అంబాసిడర్‌కి ఓ పాడు అలవాటు ఉండేది. కదిలితే చాలు, స్పీడోమీటరు ముల్లు పోయి వంద దగ్గర కూర్చునేది. గేదెల మంద వెనకాల పాకుతున్నా వందే! కొత్తగా ఎక్కినవాళ్లు అది చూసి సీటు అంచు గట్టిగా పట్టుకునేవారు. కిలోమీటర్లు చూపే అంకెలు మాత్రం 1999లోనే 81,640 దగ్గర ఆగిపోయాయి.

బండి 1978 మోడల్. గుడివాడలో నాన్న గుమాస్తాగా పనిచేసిన రైసుమిల్లు యజమాని కొత్త కారు కొనుక్కుని, పాతది 1986లో నాన్నకి వాయిదాల మీద ఇచ్చేశారు. 2018లో నాన్న పోయాక అది షెడ్డులోనే ఉండిపోయింది. అమ్మేద్దామనుకున్నాను. ఏమాటకామాటే చెప్పుకోవాలి, రిటైరైన మాస్టారి పింఛనుతో అంబాసిడర్‌ని మేపడం కష్టమే. కంపెనీ 2014లోనే తయారీ ఆపేసింది. సామాను దొరకడం గగనం. పెళ్లిళ్లకీ షూటింగులకీ పాత కార్లు అద్దెకిచ్చే ఒకాయన వచ్చి చూశాడు. మీటరు బాగుచేయిస్తే మరో పదివేలు వేస్తానన్నాడు. ‘‘రీడింగు తక్కువుంటే ఇంకా మంచిది’’ అని నవ్వాడు కూడా.

బెజవాడ ఆటోనగర్‌లో మీటర్లు విప్పే సాయిబుగారొకరు ఉన్నారని తెలిసి వెళ్లాను. డెబ్బై దాటిన మనిషి. ముందు మీటరు జోలికే పోలేదు. బండి కిందకి దూరి, గేరుబాక్సు తోక దగ్గర్నుంచి మీటరుదాకా వచ్చే కేబులు ఊడదీశారు. లోపలి ఉక్కుతీగని రెండు చేతులతో పట్టుకుని ఓ కొసని వేళ్లతో మెల్లగా తిప్పారు. రెండో కొస కూడా అంతే మెల్లగా తిరగాలట. ఆగి ఆగి గెంతితే తీగ వంగినట్టు. మాది వంగలేదుగానీ నిండా గ్రీజే.

‘‘ఇదెవరు పెట్టారు మాస్టారూ, పెసరట్టుకి నెయ్యి పెట్టినట్టు?’’

అప్పట్లో ముల్లు ఊగుతోందని ఓ షాపులో ఇస్తే పూసి పంపారు. ఊగడం తగ్గింది. నెలకి ముల్లు వందెక్కింది, ఆ తర్వాత అంకెలు ఆగాయి. తిరిగే తీగ మరమేకులా గ్రీజుని పైకి ఎక్కిస్తుందనీ, అది నేరుగా మీటర్లోకే పోతుందనీ సాయిబుగారు చెబితేగానీ తెలియలేదు. పై కొసన నాలుగు వేళ్ల మేర పొడిగా వదిలేయాలట.

మీటరు విప్పితే లోపల చిన్న అయస్కాంతం, దాని మీద బోర్లించిన అల్యూమినియం గిన్నె. రెండూ ఒకదానికొకటి తగలవు. అల్యూమినియం అయస్కాంతానికి అంటుకోదు కదా అని పిల్లలకి ముప్పయ్యేళ్లు పాఠం చెప్పినవాణ్ని నేను! కానీ అయస్కాంతం తిరిగితే ఆ గిన్నెలో కరెంటు పుట్టి, గిన్నె కూడా దాని వెంట తిరగబోతుంది. వెంట్రుకంత స్ప్రింగు వెనక్కి లాగుతుంది. ఈ రెండింటి గుంజులాటలో ముల్లు ఎక్కడ నిలిస్తే అదే వేగం. బల్లమీద రాజ్‌దూత్ 350 టాకోమీటరు ఒకటుంటే అదీ చూపించారు. అదే యంత్రం, కేబులు మాత్రం ఇంజిన్ నుంచి వస్తుంది. మా మీటర్లో అయస్కాంతానికీ గిన్నెకీ మధ్య గ్రీజు గడ్డకట్టి రెండింటినీ కలిపేసింది. ఇక స్ప్రింగు లాగితే ఆగుతుందా? ఆ జిడ్డుకి బిగుసుకుని చిన్న పళ్లచక్రం ఒకటి విరిగింది కూడా. పెట్రోల్లో ముంచిన కుంచెతో గంటసేపు కడిగారు. స్ప్రింగుని మాత్రం ముట్టుకోలేదు. పళ్లచక్రం పాత మీటరొకదాంట్లోంచి తీసి వేశారు.

అప్పుడడిగారు, ‘‘అంకెలు ఎంతకి తిప్పమంటారు?’’

‘‘అందరూ ఎంతకి తిప్పమంటారు?’’

‘‘తగ్గించమనేవాళ్లే గానీ పెంచమన్నవాణ్ని చూళ్లేదు.’’

రేపు చెబుతానని ఇంటికొచ్చాను. నాన్న పెట్టెలో బండి లెక్కల పుస్తకం ఉండాలి. మీటరు ఆగిన రోజుతో అదీ ఆగుంటుందనుకున్నాను. ఆగలేదు. రోడ్డుపక్క రాళ్లు లెక్కపెట్టుకుని రాసుకుంటూ పోయారు. ‘అమ్మాయి కంటి ఆపరేషను, బెజవాడ, రానూపోనూ 90.’ ‘పాలకి, 1.’ ఓ వానాకాలమంతా ‘బండి కదల్లేదు, 0.’ అమ్మాయి అంటే మా అమ్మే. ఆవిణ్ని ఆయన అలాగే పిలిచేవారు. చివరి పద్దు 2016లో. రెండుసార్లు కూడాను. 22,575. మీటరు చూపిన దానికి కలిపితే 1,04,215.

మర్నాడు ఆ కాగితం చూసి సాయిబుగారు పడీపడీ నవ్వారు. ‘‘ఇది అయిదంకెల మీటరు మాస్టారూ! లక్ష దాటితే మళ్లీ సున్నానుంచే. మీ లెక్క ప్రకారం పెడితే 04,215. నిజం పెట్టిద్దామనొచ్చి కొత్తబండి చేసుకుంటున్నారు!’’

‘‘అలాగే పెట్టండి’’ అన్నాను.

బందరు రోడ్డులో కంకిపాడు దాటాక పరీక్ష. ముల్లు అరవై మీద కదలకుండా నిలిపితే రాయికీ రాయికీ మధ్య సరిగ్గా నిమిషం పట్టాలి. సాయిబుగారు సెల్లులో గడియారం పట్టుకున్నారు. యాభై ఏడు సెకన్లే. అంటే బండి అరవై మూడులో పోతోంది. వెనక్కొచ్చి స్ప్రింగు బిగువుని వెంట్రుకవాసి తగ్గించి మళ్లీ వెళ్లాం. ఈసారి అరవై. వెనక అద్దంలో లారీవాడు హారన్ కొడుతున్నా నేను ముల్లునే చూస్తున్నాను. ఒణకలేదు.

బేరగాడు వచ్చే ఆదివారం వస్తానన్నాడు. అంకెల కథ అంతా ఫోన్లోనే చెప్పాను. ‘‘ఆ పుస్తకం కూడా ఇస్తారా?’’ అన్నాడు. జెరాక్సు తీయించాను. ఎవరికి జెరాక్సో, ఎవరికి పుస్తకమో ఇంకా తేల్చుకోలేదు.