నాలుగవవాని లెక్క

కొండల మీద పరుగెత్తుటను గూర్చి ఒక పల్లె కాపరి మీకు వ్రాయుట వింతగా తోచవచ్చును. మన పల్లెలలో పరుగెత్తువారు ఇద్దరే: బడికి ఆలస్యమైన పిల్లవాడును, పలుపు తెంపుకొనిన దూడ వెంట పోవువాడును. పని లేక పరుగెత్తువానిని చూచి పెద్దలు నవ్వుదురు. ముప్పది యారవ యేటివరకు నేనును ఆలాగే నవ్వుచుంటిని.

2007వ సంవత్సరము సెప్టెంబరులో చదువు నిమిత్తము స్కాట్లండు దేశపు ముఖ్యపట్టణమగు ఎడింబరోకు వెళ్లి, అక్కడ పది నెలలుంటిని. ఆ పట్టణము కొండల మధ్య కట్టబడినది. ఊరి నడుమనే ఆర్థర్స్ సీట్ అను కొండ 823 అడుగుల యెత్తున నిలిచియున్నది. దక్షిణమున పెంట్లాండ్ కొండలు గొఱ్ఱెల మందలతోను, పసుపు పూల ముండ్లపొదలతోను వరుసగా కనబడును. చలికాలములో నాలుగు గంటలు కాకమునుపే ప్రొద్దు క్రుంకును. నేను బసచేసిన యింటి యజమాని కరెంటు పని చేయువాడు, ఏబది యెనిమిదేండ్లవాడు, ఆ పేటలోని పరుగు సంఘమునకు నాయకుడు. నేను పుస్తకముల యెదుట దిగులుగా కూర్చుండుట చూచి, ఒక మంగళవారపు సాయంకాలమున, "అయ్యగారూ, బూట్లు తొడుగుకొని నాతో రండి" అని పిలిచెను.

సంఘమనగా మన సంఘమువంటిది కాదు గాని, కొంత పోలిక లేకపోలేదు. ముప్పదిమంది యుందురు. ఒకతె ఆసుపత్రి నర్సు, ఒకడు బస్సు తోలువాడు, ఇద్దరు బడిపంతుళ్లు. ఏడాదికి స్వల్పమైన చందా వేసికొందురు. బట్టలు మార్చుకొనుటకు, తరువాత టీ త్రాగుటకు, ఒక పాత దేవాలయపు హాలు అడిగి పుచ్చుకొనిరి. వానలోను బురదలోను పరుగెత్తుదురు. వాన వచ్చినందుకు కూడిక మానుకొనుట నేనక్కడ ఒక్కమారైనను చూడలేదు. ఈ మాట వ్రాయుచు మా శ్రావణమాసపు ఆదివారములను తలంచుకొనుచున్నాను.

వారు పరుగెత్తు పరుగును క్రాస్ కంట్రీ అందురు. చదును చేసిన బాట మీద కాక, చేలు, గట్లు, వాగులు, కొండవాలులు దాటి అయిదారు మైళ్లు పోవలెను. ఇది పిల్లల ఆటగా పుట్టినది. సుమారు రెండువందల ఏండ్ల క్రిందట ఇంగ్లండులోని ష్రూస్‌బరీ పాఠశాల బాలురు ఇద్దరిని ముందు పంపి, తక్కినవారు వేటకుక్కలవలె తరుముచుండిరి. ముందు పోవువారు దారిపొడుగున కాగితపు ముక్కలు చల్లుచు పోవలెను. అందువలననే నేటికిని ఇట్టి సంఘములనేకము తమ పేరులో 'హ్యారియర్స్' అని పెట్టుకొనుచున్నవి. కుందేళ్లను తరుము కుక్కలకు ఆ పేరు. లండను ప్రక్కన పడవలు నడుపు యౌవనస్థులు చలికాలములో ఒడలు బిగిసిపోకుండుటకై 1868లో ఇట్టి సంఘము నొకటి స్థాపించిరి. 1876లో ఇంగ్లండు దేశమంతటికి మొదటిసారి పందెము పెట్టిరి. ఎప్పింగ్ అడవిలో ముప్పది యిద్దరు బయలుదేరి, ముప్పది యిద్దరును దారి తప్పిరి! ఆ పందెమును కొట్టివేసి, మరుసటి యేడు మరల పెట్టవలసి వచ్చెను.

లెక్క విషయము చెప్పవలెను, నేను వ్రాయుట దాని కొరకే. అపొస్తలుడైన పౌలు తన పత్రికలలో పోలికగా వాడుకొనిన గ్రీకుల పందెములలో కిరీటము ఒక్కనికే. ఇక్కడ ఆలాగు కాదు. మొదట వచ్చినవానికి ఒకటి, పదియవవానికి పది, ఈలాగున అందరికిని అంకెలు వేసి, ఒక్కొక్క జట్టులో మొదటి నలుగురి అంకెలు కూడుదురు. పెద్ద పందెములలో ఆరుగురివి కూడుదురు. ఎవరి మొత్తము తక్కువో వారు గెలిచినట్లు. కాబట్టి మీ జట్టువాడు అందరికంటె ముందు వచ్చినను, నాలుగవవాడు ఎక్కడో కొండ వెనుక కుంటుచున్నయెడల మీరు గెలువరు. నాలుగవవాడు రానేరాకపోయినయెడల మీ జట్టు లెక్కకే రాదు. ఇంకొక చిత్రము, లెక్కకు రాని అయిదవవాడు కూడ వ్యర్థుడు కాడు. అతడు ఎదుటి జట్టు నాలుగవవానిని దాటినయెడల వారి మొత్తము ఒకటి పెరుగును.

1924లో పారిసు నగరమున జరిగిన ఒలింపిక్ పోటీలను గూర్చి మీరు వినియుందురు. ఎడింబరోలో చదివిన ఎరిక్ లిడ్డెల్ ఆదివారమున జరుగు నూరు మీటర్ల పరుగు మానుకొని, జూలై 11న నాలుగువందల మీటర్ల పరుగులో గెలిచెను. తరువాత ఆయన చైనాకు మిషనెరీగా వెళ్లి, 1945లో అక్కడి నిర్బంధ శిబిరములోనే కన్నుమూసెను. ఆయన గెలిచిన మరునాడు, అదే నగరములో, ఈ క్రాస్ కంట్రీ పందెము జరిగినది. భయంకరమైన యెండ. ముప్పది యెనమండుగురు బయలుదేరగా పదునైదుగురే గమ్యము చేరిరి. ఫిన్లాండు దేశస్థుడైన పావో నూర్మి మొదట వచ్చెను, అతని దేశస్థుడే రెండవవాడు. గాని జట్టుకు ముగ్గురు కావలెను. మూడవవాడైన లీమటైనెన్ యెండకు తెలివి తప్పినవానివలె గమ్యమునకు కొద్ది గజముల దూరమున నిలిచి, వెనుకకు తిరిగిపోబోయి, మరల యిటు తిరిగి తడబడుచు వచ్చి పండ్రెండవవాడాయెను. ఆ పండ్రెండవవాడు గీత దాటినందుననే ఆ దేశపు జట్టునకు బంగారు పతకము వచ్చెను. పందెమును గూర్చి వ్రాయువారు నూర్మిని గూర్చియే ఎక్కువగా వ్రాయుదురు. ఆ తరువాత ఒలింపిక్సులో ఈ పరుగు పెట్టుట మానివేసిరి.

(నేనక్కడ నున్నప్పుడే, 2008 మార్చి 30న, ఆర్థర్స్ సీట్ క్రింది హోలీరూడ్ పార్కులో ప్రపంచ పోటీలు జరిగెను. ఇథియోపియావాడగు కెనెనిసా బెకెలె బూటు ఊడిపోగా ఆగి తొడుగుకొని, చాలమంది వెనుకకు పడిపోయి, మరల అందరిని దాటి గెలిచెనట. అది ఆదివారము గనుక నేను పోలేదు. ఆ ఊరిలో లిడ్డెల్ నడచిన వీధులలో నడచుచు, ఆదివారము పందెము చూడబోవుటకు నాకు కాళ్లు రాలేదు.)

ఇక నా సంగతి. అయిదు నెలలు వారితో పరుగెత్తి, మూడు మైళ్లు ఆగకుండ పోగలవాడనైతిని. నాయకుడు నాకు కొండ ఎక్కుట నేర్పెను. "ఎక్కునప్పుడు అడుగు చిన్నది చేయుడి. శిఖరము వైపు చూడకుడి, మీ ముందున్న మూడు గజముల నేల చూడుడి. మరి నిటారుగా నున్నచోట మోకాళ్ల మీద చేతులుంచి నడచినను తప్పు లేదు. దిగునప్పుడు మడమలతో పట్టి ఆపుకొనకుడి, తొడలు చచ్చిపోవును" అని చెప్పెడివాడు. ఫిబ్రవరిలో పెంట్లాండ్ కొండల క్రింద చుట్టుప్రక్కల సంఘములకు పందెము. ఆ వారము మా సంఘములో సగముమంది జ్వరముతో పడియుండిరి. శనివారము ఉదయమున లెక్కింపగా ముగ్గురే. నాలుగవవాడను నేను.

ఎనిమిది జట్లు, కొందరు విడివారు, మొత్తము నూటొక్కరము. బనియనుకు పిన్నీసులతో అంకె గ్రుచ్చిరి. మొదటి పావు మైలులోనే, గొఱ్ఱెల దొడ్డి గేటు దగ్గర ఇరుకునపడి, అందరికంటె వెనుకబడితిని. బురద చీలమండలు దాటి వచ్చెను. రెండవ కొండ యెక్కునప్పుడు అరువది దాటిన వృద్ధుడొకడు నన్ను దాటుచు, "బాగుగా పోవుచున్నారు" అనెను. అది ఎగతాళి కాదు, వారి మర్యాద. నాకు మాత్రము కన్నీళ్లు వచ్చెను. ఆగిపోదుననుకొంటిని. ఆగినయెడల తక్కిన ముగ్గురి పరుగును సున్న యగునని జ్ఞాపకము వచ్చి, ఆగలేదు.

కడపటి వాలు తిరుగగా, మా ముగ్గురు, పరుగు ముగించి అరగంటకు పైగా అయినవారు, ఆ చలిలో, ఒంటి మీద బురద ఆరకుండగనే, మరల కొండ సగము వరకు ఎక్కి వచ్చి నిలుచుండిరి. నా పేరు వారికి సరిగా పలుకుట రాదు. అయినను వచ్చినట్లుగా పిలుచుచుండిరి. గమ్యము దగ్గర త్రాళ్ల నడుమనుండి నేను నడచిపోగా ఒకడు 97 అని చెప్పెను. హాలులో సూపు త్రాగుచు నాయకుడు కాగితము మీద అంకెలు వ్రాసెను: 11, 19, 34, 97. నా అంకె ఒక్కటే తక్కిన ముగ్గురి మొత్తముకంటె పెద్దది. ఆ ముగ్గురిలో ఎవరును దానిని గూర్చి ఒక మాటయు అనలేదు. ఎనిమిది జట్లలో మాది ఏడవది. "లెక్కకు వచ్చితిమి" అని నాయకుడు కాగితము మడిచి జేబులో పెట్టుకొనెను.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కాళ్ల నొప్పి కొంత, ఒక పిల్లవాడు కొంత.

నా గ్రామము కొండవీటి కొండల క్రిందిది. 2006లో యౌవనస్థుల కూడికలో ఆటల పోటీలు పెట్టగా, మా పిల్లలు నలుగురు కలిసి పరుగెత్తు రిలే పందెమునకు తమలో నలుగురిని ఏర్పరచుకొనిరి. వారిలో ఒకడు తండ్రి లేనివాడు, పదునైదేండ్లవాడు, ఎడమ పాదము కొంచెము లోపలికి తిరిగియుండెడిది. నెల దినములు తెల్లవారుజామున చెరువుగట్టు మీద పరుగెత్తుచుండగా నేనే చూచితిని. తీరా పందెమునాడు, మన సంఘము పేరు నిలువవలెనని చెప్పి, ఆ పిల్లవాని పేరు కొట్టివేసి, పట్నములో చదువుకొనుచు సెలవులకు వచ్చిన మరియొకని పేరు వ్రాసితిని. కప్పు వచ్చెను. ఇప్పటికిని అది నా బీరువాలో నున్నది. తల్లి నీలిమందు పెట్టి ఉతికి మడిచి యిచ్చిన తెల్ల బనియను చంకలో పెట్టుకొని, ఆ పిల్లవాడు చింతచెట్టు క్రింద నిలుచుండి చూచెను. తరువాత అతడు కూడికలకు రాలేదు. ఎందుకు రాలేదని నేను అడుగనులేదు.

ఆ రాత్రియే అతనికి ఉత్తరము వ్రాసితిని. జవాబు రాలేదు. జూలైలో ఇంటికి తిరిగి వచ్చి, మూడవనాడు వారి గుడిసెకు వెళ్లితిని. తల్లి ముంగిట కూర్చుండి బియ్యము చెరుగుచుండెను.

"క్రిస్మసు కాగానే హైదరాబాదు పోయాడయ్యగారూ, తాపీ పనికి" అని ఆమె చెప్పెను. "ఫారిన్ బిళ్లతో ఉత్తరమొచ్చింది. చదివేవాళ్లు లేక, వాడొస్తే ఇద్దామని దాచా." ట్రంకుపెట్టెలోనుండి తీసి యిచ్చెను. అంటించినది అంటించినట్లే యుండెను. చదువుమని అడిగెను. క్షేమసమాచారములు చదివి, "ఆనాటి పరుగు విషయములో" అనువరకు వచ్చితిని.

"ఏం పరుగయ్యగారూ? వాళ్లు గెలిచారుగా. నేనే ఆఖర్న పరిగెత్తా, కప్పొచ్చిందమ్మా అని ఆ రాత్రే చెప్పాడు."

నేను ఉత్తరము మడిచితిని. ఇంకొకసారి చదివెదనని చెప్పి లేచి వచ్చితిని. నలుబది మంది యెదుట ప్రతి వారము నిలిచి మాటలాడువాడను, ఆ ముంగిట నాకు మాట రాలేదు. మూడు వారములు ఆ వీధి తప్పించి నడచితిని. పిమ్మట వెళ్లి, ఆమె యెదుట అరుగు మీద కూర్చుండి, ఉత్తరము తీయకుండగనే ఉన్నదున్నట్లు చెప్పితిని. మీ వాడు పరుగెత్తలేదమ్మా, నేనే వాని పేరు కొట్టివేసితినని చెప్పితిని.

ఆమె చేట ఆపలేదు. కొంతసేపటికి, "తెలుసయ్యగారూ" అనెను. "బనియను మడత విప్పలేదుగా. ఇచ్చింది ఇచ్చినట్టే తెచ్చాడు. ఉతికినదాన్ని, నాకు తెలియదా."

2009 నుండి పెద్దపండుగ సెలవులలో, కనుమ మరునాడు ఉదయము, మా పిల్లలకు కొండ పరుగు పెట్టుచున్నాము. గుడి ఆవరణమునుండి మిరపచేల గట్ల వెంబడి పోయి, బండిబాటను కొండ మొదలు చేరి, సగమెత్తున నున్న పెద్ద గుండును చేతితో ముట్టి తిరిగి రావలెను. నాలుగు మైళ్లకు కొంచెము తక్కువ. జట్టుకు నలుగురు, నలుగురి అంకెలును కూడుదుము. మొదటి యేడు రెండు జట్లే వచ్చెను. ఒకనికి తుమ్మముల్లు గ్రుచ్చుకొని వెనుకకు తిరుగగా ఒక్క జట్టే లెక్కకు వచ్చెను. ఊరివారు నవ్విరి. మూడవ యేటికి ప్రక్క గ్రామములవారును రాసాగిరి.

ఆ పిల్లవాడు 2011 క్రిస్మసుకు వచ్చెను. మీసములు వచ్చి, భుజములు విరిసి, మొదట నేను గుర్తుపట్టలేదు. ఆరాధన తరువాత అందరు పోవువరకు తలుపు దగ్గర నిలుచుండెను. పాత మాట అతడెత్తలేదు. నేనెత్తబోగా కాలివైపు చూచుకొనుచు వేరే మాట అడిగెను.

"అయ్యగారూ, పండక్కి పిల్లలు ఎన్ని గంటలకు బయల్దేరతారు?"

ఆరు గంటలకని చెప్పితిని.