బుట్ట పద్దు

ప్రాణిని పట్టుటకు బలముకన్న దాని స్వభావము నెఱుగుట ముఖ్యము. 1996వ సంవత్సరమున జపానులో వెలువడిన పోకేమాన్ అను ఆటను మన పిల్లలు పెక్కుమంది యెఱుగుదురు. అందు చిన్న బంతిని విసరినచో వింతమృగము దానిలో నొదిగిపోవును. ముందుగా పోరాటమున నలసిన మృగము సులువుగా చిక్కును. ఆ యాటను కల్పించిన సతోషి తజిరి బాల్యమున పురుగులను పట్టి కూర్చుకొనెడివాడట. కల్పితమైన బంతి సంగతి యటుండనిండు. మన యిండ్లలోను చేలలోను గల సాధనముల తీరు గృహిణులు తెలిసికొనదగినది.

ఎలుకల బోనును చూడుడు. లోపలి కొక్కెమునకు ఎండుచేపయో కొబ్బరిముక్కయో గ్రుచ్చుదుము. ఎలుక దానిని లాగగానే కొక్కెము సడలి తలుపు మూతపడును. తలుపు మూయునది ఎలుక యాకలియే. జాలరుల వలలలో నొకరకమున్నది. దాని కన్నములో చేప తల పట్టును, మొండెము పట్టదు. వెనుకకు రాబోగా మొప్పలు దారమునకు తగుల్కొనును. కన్నము పెద్దదైనచో చేపపిల్లలు తప్పించుకొని బ్రదుకును.

ఇక ప్రత్తిచేని బుట్ట. మగ్గమును నమ్ముకొన్న మా చీరాలలో ప్రత్తి సంగతి పరుల సంగతి కాదు. మా ఆడుబిడ్డ పర్చూరువైపున ప్రత్తి పండించును. ఆమె చేనిలో కఱ్ఱలకు కట్టిన లింగాకర్షక బుట్టలను చూచితిని. గులాబీరంగు పురుగు జాతిలో ఆడ రెక్కలపురుగు విడుచు వాసనవంటిదానిని చిన్న రబ్బరు బిళ్లకు పట్టించి బుట్టలో నుంతురు. మగపురుగు ఆ వాసన వెంట వచ్చి గరాటులో జాఱి క్రింది సంచిలో పడును.

"ఈ నాలుగు పురుగులు పట్టినంతమాత్రమున చేను బాగుపడునా?" యని యడిగితిని.

"వదినా, ఇవి చంపుటకు కావు, లెక్కపెట్టుటకు. బుట్టకు రాత్రికి 8 చొప్పున వరుసగా 3 రాత్రులు పడినచో మందు చల్లవలెను" అని యామె తన పద్దు పుస్తకమును చూపెను.

ఆ పుస్తకము విలువ ఈ సీమవారికి తెలియును. 1987-88 సంవత్సరములలో తెల్లదోమ గుంటూరు, ప్రకాశము జిల్లాల ప్రత్తిని పాడుచేసెను. మందు చల్లినకొలది దోమను తిను మేలుపురుగులు చచ్చెను, దోమ పెరిగెను. అప్పులు తీరక కొందఱు రైతులు ప్రాణములు తీసికొనిరి. తెల్లదోమకు పసుపురంగుపై మక్కువ. అందుచేత నేడు జిగురు పూసిన పసుపు అట్టలను చేలలో నిలుపుచున్నారు.

నే నక్కడ నున్న దినముననే, ప్రక్క చేనివారు చల్లిరని విని, ఆడుబిడ్డ పెనిమిటి అప్పు వ్రాసి మందు తెచ్చుటకు బయలుదేరెను. ఆమె పుస్తకము తెఱచి, "నిన్న మూడు, మొన్న రెండు పడినవి. కాయలు కోసి చూచితిని, పురుగు లేదు. ఇప్పు డేల?" అనెను. ఆయన కొంతసేపు అంకెలను చూచి, సంచిని కొయ్యకు తగిలించి కూర్చుండెను. ఆ యప్పు తప్పినది.

సోదరీమణులారా! ప్రత్తి వేయు నింట పాల పద్దు, చాకలి పద్దులతోపాటు బుట్ట పద్దును గూడ వ్రాయుడు. రబ్బరు బిళ్ల వాసన కొన్ని వారములకు తగ్గును; మార్చిన తేదీని ఆ ప్రక్కనే గుర్తుంచుకొనుడు.