రీసెట్ బటనూ, మా నాన్నా

వెబ్ పేజీలు చేసేవాళ్ళందరికీ ఒక జబ్బుంటుంది. మనం చేసిన పేజీ మనకి మహా తేలిగ్గా కనిపిస్తుంది. కనిపించదూ మరి! రోజుకి వందసార్లు తెరిచి, పేరు దగ్గర "టెస్ట్", చిరునామా దగ్గర "ఏబీసీ" అని కొట్టి పంపించేస్తుంటాం. 2008 సంక్రాంతి దాకా నాకీ జబ్బు బాగా ముదిరి ఉండేది. కుదిర్చింది మా నాన్న.

అప్పట్లో నేను హైదరాబాదులో ఓ చిన్న కంపెనీలో ఉండేవాణ్ణి. ఒక క్లయింటుకి, వాళ్ళ పెన్షనర్లు మెడికల్ రీయింబర్స్‌మెంటు కోసం ఆన్‌లైన్లో దరఖాస్తు పెట్టుకునే ఫారం చేసిచ్చాం. చేసింది నేనే. పెన్షను నంబరు దగ్గర్నుంచి ఆస్పత్రి బిల్లుల దాకా ఇరవై మూడు గడులు. ఆఫీసులో మేం కొట్టుకున్నదంతా టేబుల్స్ వాడాలా, సీఎస్సెస్ వాడాలా అనే. ఐఈ 6లో మార్జిన్ రెట్టింపయ్యే బగ్గుతో రెండు రోజులు. గుండ్రటి మూలల కోసం నాలుగు వైపులా నాలుగు బొమ్మలు కోసి అతికించడానికి ఇంకో రోజు. అంతా అయ్యాక చూసుకుంటే ఫారం ముచ్చటగా ఉంది. మొదలుపెట్టి రెండు నెలలైనా ఒక్క ఫిర్యాదు రాలేదు. ఇంకేం, సూపర్ హిట్టే అనుకున్నాం.

పండక్కి తెనాలి వెళ్ళాను. నాన్న లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఆ ఫారం వాడేవాళ్ళదీ ఇంచుమించు ఇదే వయసు. నా లాప్‌టాప్‌లో సైటు కాపీ ఎలాగూ ఉంది కదా అని ఆయన్ని దాని ముందు కూర్చోబెట్టాను. (కాస్త గొప్ప చూపించుకుందామని కూడా, అబద్ధమెందుకు!) ఒక వేలితో వెతుక్కుంటూ కొట్టారు. అరగంట పట్టింది. చివర్లో రెండు బటన్లు. పక్కపక్కనే, ఒకే సైజు, ఒకే రంగు. సబ్మిట్, రీసెట్. నాన్న రెండిట్నీ కాసేపు చూసి, రీసెట్ నొక్కారు.

ఇరవై మూడు గడులూ ఖాళీ.

నేను నోరు తెరిచేలోపే ఆయనే అన్నారు: "అయ్యో, పాడుచేసేశాన్రా. నాకు చేతకాదులే ఇవన్నీ. నీ పనేమన్నా చెడిందా?"

"అదేం లేదు గానీ, అదెందుకు నొక్కారు నాన్నా?"

"పంపేముందు ఓసారి సరిచూసుకోవాలి కదరా. 'రీ' అంటే మళ్ళీ. మళ్ళీ ఒకసారి సరిచేస్తుందేమో, తప్పులుంటే చూపిస్తుందేమో అనుకున్నా."

పరీక్ష పేపరు ఇచ్చేముందు మొదట్నుంచీ ఓసారి తిరగేయమని జీవితమంతా పిల్లలకి చెప్పిన మనిషి. ఆయన అలాగే ఆలోచిస్తారు మరి. నాకు ఆ రోజు అరిసెలు కూడా సహించలేదు.

అసలు ఆ బటన్ నేనెందుకు పెట్టాను? నిజం చెప్పనా, నేను పెట్టలేదు, అదే ఉంది. మేం వాడే ఫ్రంట్‌పేజీలో ఫారం చొప్పిస్తే సబ్మిట్, రీసెట్ రెండూ కవల పిల్లల్లా వచ్చేసేవి. హెచ్‌టీఎమ్మెల్ 2.0 ప్రమాణం 1995లో రాసినప్పుడే అందులో రీసెట్ ఉంది. గడులన్నిట్నీ మొదట ఉన్న విలువలకి తీసుకెళ్ళడం దాని పని. వెతుకులాటలో పెట్టుకున్న ఫిల్టర్లు తీసేయడానికైతే సరే, అరగంట కష్టపడి నింపిన దరఖాస్తు కింద దానికేం పని? ఈ ప్రశ్న నేనెప్పుడూ వేసుకోలేదు. పనిముట్టు ఇచ్చింది, నేను ఉంచాను. మన డిజైన్లో సగం ఇలాగే తయారవుతుంది. జాకబ్ నీల్సన్ 2000 ఏప్రిల్లోనే, రీసెట్ బటన్లు దాదాపు అన్నీ పీకేస్తే వెబ్ బాగుపడుతుందన్న అర్థంలో రాశాడు. నేనది చదివింది ఎనిమిదేళ్ళ తర్వాత, నాన్న ఫారం ఖాళీ అయ్యాక.

హైదరాబాదు తిరిగొచ్చి సర్వరు లాగులు తీశాను. ఫారం తెరిచినవాళ్ళకీ, పంపినవాళ్ళకీ పొంతనే లేదు. మధ్యలో ఏం జరిగిందో లాగులో ఒక్క ముక్క లేదు. ఎందుకుంటుంది? రీసెట్ నొక్కితే సర్వరుకి ఏ కబురూ వెళ్ళదు, అంతా బ్రౌజరులోనే జరిగిపోతుంది. ఒక పెద్దాయన కష్టం మొత్తం తుడిచిపెట్టుకుపోయినా మన వైపు ఎర్రర్ ఉండదు, అలర్ట్ ఉండదు.

ఫిర్యాదు కూడా ఎందుకు రాలేదో అప్పుడర్థమైంది. బస్సు రాకపోతే డిపో వాణ్ణి తిడతాం. అన్నం మాడితే కుక్కర్‌ని తిడతాం. అదేంటో గానీ కంప్యూటర్ దగ్గర మాత్రం మనిషి తనని తానే తిట్టుకుంటాడు. డొనాల్డ్ నార్మన్ 1988లో మొదటిసారి అచ్చయిన తన పుస్తకంలో తలుపులూ, స్విచ్చులూ, రకరకాల వస్తువుల గురించి ఈ మాటే చెప్పాడు. డిజైన్ సరిగ్గా లేకపోయినా జనం తప్పు తమదే అనుకుంటారని. నేనే తెలివితక్కువవాణ్ణి అనుకున్నవాడు ఇంక మనకి ఫిర్యాదేం రాస్తాడు? లేచి వెళ్ళిపోతాడు. మనం దాన్ని "జీరో ఇష్యూస్" అని రిపోర్టులో రాసుకుంటాం.

మేనేజరుకి చెప్తే, "దానిదేముంది, కన్ఫర్మేషన్ బాక్సు పెట్టెయ్" అన్నాడు. పెట్టాను. తర్వాతి వారం తెనాలి వెళ్ళి మళ్ళీ నాన్నని కూర్చోబెట్టాను. ఈసారి ఆయనతో పాటు ఆయన స్నేహితులు నలుగురు, అందరూ రిటైరైనవాళ్ళే. ఐదుగురితో పరీక్షించి చూస్తే చాలావరకు లోపాలు బయటపడతాయని కూడా నీల్సనే 2000లో రాశాడు. ఒకాయన రీసెట్ నొక్కారు. బాక్సు వచ్చింది. చదవకుండా ఓకే కొట్టేశారు! అడ్డమొచ్చిన బాక్సుని తప్పించుకుని ముందుకెళ్ళాలనే ఆత్రం. మనం లైసెన్సు అగ్రిమెంటు చదివి ఓకే కొడుతున్నామా ఏంటి? 1997లో నీల్సన్ వాళ్ళు చేసిన పరిశీలనలో కొత్త పేజీని పైపైన చూసేసినవాళ్ళు 79 శాతం, మాటమాటా చదివినవాళ్ళు 16 శాతం. మన బాక్సుని మాత్రం శ్రద్ధగా చదువుతారనుకోవడం మన అత్యాశ.

ఆ మధ్యాహ్నం ఇంకా చాలా తేలాయి. తేదీ గడిలో నెల ముందా, రోజు ముందా తెలీక ఇద్దరు ఆగిపోయారు. ఎర్ర చుక్క అంటే తప్పనిసరి అని ఒక్కరికీ తెలీదు. ఒకాయన బిల్లు వెతుక్కోవడానికి లేచి ఇంటికెళ్ళొచ్చేసరికి సెషన్ గడువు అయిపోయింది. మా ఆఫీసు టెస్టింగులో ఇవేవీ దొరకలేదు, మాలో ఎవరికీ బిల్లు వెతుక్కునే అవసరం రాలేదు కదా.

మొత్తానికి రీసెట్ పీకేశాను. సబ్మిట్ మీద "దరఖాస్తు పంపండి" అని రాశాను. తేదీని మూడు గడులు చేశాను. మొత్తం పని ఒక పూట. గుండ్రటి మూలలకి పట్టినంత టైము కూడా పట్టలేదు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, పనిముట్లు మారాయి. ఫ్రంట్‌పేజీని మైక్రోసాఫ్ట్ 2006లో ఆపేసింది. ఫ్లాష్ 2020 చివర్లో పోయింది. ఇప్పుడు ఫిగ్మాలో గీసుకుని, రెడీమేడ్ కాంపొనెంట్లు తెచ్చి అతికిస్తున్నాం. గుండ్రటి మూలకి ఒక్క లైను చాలు. కానీ గడి పేరుని గడిలోపలే లేత బూడిద రంగులో పెట్టేస్తున్నాం. రెండక్షరాలు కొట్టగానే అది మాయం. ఇంతకీ ఇక్కడ ఏం రాయాలి అని పెద్దవాళ్ళు తుడిచి మళ్ళీ చూసుకుంటున్నారు. తెలుగులో ఇచ్చామని చెప్పుకునే చోట్ల ఇంకో తమాషా. "మీ దరఖాస్తు రద్దు చేయాలా?" అని అడిగి, కింద రెండు బటన్లు: "సరే", "రద్దు చేయి". ఏది నొక్కితే ఏది రద్దవుతుందో చెప్పండి చూద్దాం! "సమర్పించు" అని చూసి మా అమ్మ, "ఎవరికిరా, వెంకటేశ్వరస్వామికా?" అంది.

నాన్న ఇప్పుడు ఫోన్లోనే కరెంటు బిల్లు కడతారు. ఎక్కడన్నా చిక్కుకుంటే నాకు ఫోన్ చేసి మొదట చెప్పే మాట మాత్రం మారలేదు: "ఏదో తప్పు నొక్కానురా." ఆయన ఏం నొక్కారో అడగడం మానేశాను. తెర మీద ఏం కనిపిస్తోందో చదివి వినిపించమంటాను. చాలాసార్లు అది వింటేనే తెలిసిపోతుంది, తప్పు మాలాంటివాడెవడిదో అని.

మీరు చేస్తున్న పేజీ ముందు ఈ ఆదివారం మీ అమ్మనో నాన్ననో కూర్చోబెట్టి చూడండి. ఒక్కటే షరతు, ఆ అరగంటా మీరు నోరు మెదపకూడదు. "అది కాదు, ఆ పక్కది" అని నాలుక చివరిదాకా వస్తుంది. వచ్చిన ప్రతిసారీ కాగితం మీద ఒక గీత పెట్టుకోండి. మొదటిసారి నావి పదిహేడు.