‘తెలియదు’ అని వాళ్ళు అనలేదు

ఆంగ్ల అక్షరాల చార్టులో కంగారు బొమ్మ చూపించి పేరు చెప్పగానే మా గూడెం పిల్లలు పకపకా నవ్వుతారు. తెలుగులో ఆ మాటకు అర్థం వేరు కదా! నవ్వు ఆగాక నేనూ ఒక కథ చెప్పేవాణ్ణి. తెల్లవాళ్ళు ఆస్ట్రేలియాలో దిగి, ఈ జంతువు పేరేమిటని అక్కడి ఆదివాసిని అడిగారట. ‘నాకు తెలియదు’ అని అతను తన భాషలో అన్నాడట. అదే పేరైపోయిందట. పిల్లలు మళ్ళీ నవ్వేవారు.

ఆ కథ అబద్ధం.

క్వీన్స్‌లాండ్ ఉత్తర తీరంలో కుక్‌టౌన్ అనే చిన్న ఊరుంది. 1770 జూన్‌లో కెప్టెన్ కుక్ ఓడ పగడపు దిబ్బకు గుద్దుకుంటే, బాగుచేసుకోవడానికి అక్కడి ఏటి ఒడ్డుకు చేర్చారు. ఆ నేల గూగు యిమిథిర్ భాష మాట్లాడేవాళ్ళది. వాళ్ళు ‘గంగురు’ అన్నారు. అది ఒక రకం పెద్ద కంగారుకు వాళ్ళ భాషలో ఉన్న పేరు. 1970లలో జాన్ హావిలాండ్ అనే భాషా పరిశోధకుడు వాళ్ళ మధ్య ఉండి, ఆ మాట అప్పటికీ వాడుకలో ఉందని రాశాడు.

ఆ ఒడ్డున ఇంకొకటి జరిగింది. ఓడవాళ్ళు అడగకుండానే తాబేళ్ళు పట్టుకున్నారు. ఒక్కటైనా ఇమ్మంటే ఇవ్వలేదు. కోపంతో అక్కడివాళ్ళు గడ్డికి నిప్పు పెట్టారు. కుక్ తుపాకి పేల్చాడు, ఒకరికి గాయమైంది. అప్పుడు ఒక ముసలాయన మొన లేని ఈటె పట్టుకుని ముందుకొచ్చి రాజీ కుదిర్చాడు. ఆ ఘట్టాన్ని ఇప్పటికీ ఆ ఊళ్ళో ఆడి చూపిస్తారు.

ఆ రాజీ నిలవలేదు. 1873లో పామర్ నది దగ్గర బంగారం దొరికింది. దాని కోసం వచ్చేవాళ్ళకు రేవుగా ఊరు లేచింది. నేల ఉన్నవాళ్ళలో చాలామంది తుపాకులకు బలయ్యారు. మిగిలినవాళ్ళ భాష దగ్గర్లోని హోప్‌వేల్‌లో నేటికీ వినిపిస్తుంది.

ఇది చదివినప్పుడు నా శిక్షణ రోజులు గుర్తొచ్చాయి. ఒక చెట్టు పేరు అడిగితే మా కోయ మాటలో చెప్పాను. తెలుగు పేరు రాలేదని నా పుస్తకంలో ‘తెలియదు’ అని రాశారు. ఆ బాధ తెలిసి కూడా ఇన్నేళ్ళు అదే అబద్ధంతో పిల్లల్ని నవ్వించానే!

ఇప్పుడు ఏ బొమ్మ చూపించినా, ‘మన ఇంట్లో దీన్నేమంటారు?’ అని ముందు అడుగుతున్నాను. వాళ్ళు చెప్పిందే బోర్డు మీద మొదట రాస్తున్నాను.